సమాధిలోని గుల్ల నగను చదవడం ఎలా: ప్రాచీన మెసోఅమెరికా ఆభరణాలకు ఒక అభ్యాస మార్గదర్శి

తవ్వకాల్లో బయటపడిన అస్థిపంజరం ఫొటోలో మెడ దగ్గరో నడుము దగ్గరో ఎర్రటి చిప్ప కనిపించినప్పుడు దాని అర్థమేమిటని అడగడం సహజమే గాని, ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టినవారు చాలాసార్లు తమ ఊహనే జవాబుగా రాసుకొని లేస్తారు. శంఖం అనగానే విష్ణుమూర్తి చేయి, పూజగది, శవయాత్ర ముందు నడిచే దాసరి మనసులో మెదిలే మన ప్రాంతంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. మెసోఅమెరికా అని పిలిచే మెక్సికో, గ్వాటెమాలా, బెలీజ్, హోండురాస్ ప్రాంతాల ప్రాచీన సమాధుల్లో దొరికిన గుల్ల నగలను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చరిత్ర అధ్యాపకులూ డిగ్రీ విద్యార్థులూ ఫొటోల సాయంతోనూ, మన తీరంలో దొరికే గుల్లలతో చేసే చిన్న ప్రయోగాల సాయంతోనూ ఎలా పరిశీలించవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. నగ ఏ జీవి గుల్లతో చేసినది, ఆ జీవి ఏ సముద్రానిది, దాన్ని ఎలా మలిచారు, అది శరీరం మీద ఎక్కడ ఉంది, ఆ శరీరం ఎవరిది అన్న ప్రశ్నలకు వరుసగా జవాబులు రాసుకున్న తరువాతే అర్థం జోలికి వెళ్లాలి. ఈ వరుసను తప్పనంతవరకు, జవాబుల్లో కొన్ని ఖాళీగా మిగిలినా నష్టం లేదు.

ఇందుకు పెద్ద ఖర్చు కూడా లేదు. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం, ఫోన్ కెమెరా, ఒక నోటు పుస్తకం, పాత దుప్పటి, బొగ్గుముక్క, నూలు దారం, పనికిరాక పక్కన పడేసిన సన్నికల్లు ముక్క, ఏటి ఒడ్డున దొరికే తెల్లటి క్వార్ట్జ్ రాళ్లు, జల్లించిన ఏటి ఇసుక, చిన్న తోలుముక్క ఉంటే చాలు. గుల్లలకు కళింగపట్నం, బారువ, భావనపాడు తీరాలూ, విజయనగరం వైపునైతే చింతపల్లి, కోనాడ తీరాలూ సరిపోతాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఖాళీ గుల్లలనే ఏరుకోవాలి. లోపల జీవి ఉంటే తిరిగి నీటిలో వదిలేయాలి. కొన్ని జాతుల శంఖాలకూ చిప్పలకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది కనుక పెద్ద శంఖాలనూ అరుదైన గుల్లలనూ దుకాణాల్లో కొనడం కూడా మానుకొని, ఎక్కడ చూసినా పడి ఉండే మామూలు గుల్లలతోనే పని కానివ్వాలి. మన తీరంలో ఎర్రగా, నల్లగా చారలు కట్టి కనిపించే బరువైన ఇసుకలో గార్నెట్ ఉంటుంది, రాపిడికి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది కూడా. అయితే అదే ఇసుకలో కొద్దిపాటి రేడియోధార్మికత గల మోనజైట్ కలిసి ఉంటుంది కనుక దాన్ని తరగతి గదిలోకి తేవద్దని నా సలహా.

జీవినీ సముద్రాన్నీ గుర్తించడం

మెసోఅమెరికా సమాధులకు సంబంధించి ముందుగా పరిచయం చేసుకోవలసిన జీవి స్పాండిలస్. ఇది వీపు నిండా ముళ్లున్న, రాతికి అతుక్కొని బతికే చిప్ప. దీన్ని మునిగి, రాతి నుంచి ఊడబెరికి తేవాలి. పసిఫిక్ తీరంలో స్పాండిలస్ ప్రిన్సెప్స్, అట్లాంటిక్ వైపు స్పాండిలస్ అమెరికానస్ అనే జాతులు దొరికేవి. పైపొర ఎరుపు, నారింజ, ఊదా ఛాయల్లో ఉంటుంది, లోపలి పొర తెల్లగా ఉంటుంది. పనివారు ముళ్లను అరగదీసి, చాలాసార్లు లోపలి తెల్లపొరను కూడా గీకి తీసేసి, ఎర్రటి భాగాన్ని మాత్రమే మిగిల్చేవారు. అందువల్ల మ్యూజియం ఫొటోలో కనిపించే నున్నటి ఎర్ర బిళ్లకు ముళ్లు లేవు కనుక అది స్పాండిలస్ కాదనుకోవడం పొరపాటు. అంచు మందం చూడాలి, రంగు పొరలోకంటా దిగిందా లేదా చూడాలి, కీలు భాగం మిగిలి ఉంటే ఒకదానిలో ఒకటి కూర్చునే గుండ్రటి పళ్లను వెతకాలి. పైకి కనిపించే ఎరుపంతా గుల్లదే అనుకోకూడదు. సమాధుల్లో శవాల మీదా వస్తువుల మీదా ఇంగిలీకాన్ని, అంటే పాదరసపు ఎర్ర ఖనిజపు పొడిని, విస్తారంగా చల్లేవారు కనుక తెల్లటి గుల్ల కూడా ఎర్రబారి కనిపించవచ్చు; ఇంగిలీకపు ఎరుపు గీతల్లోనూ రంధ్రాల్లోనూ పేరుకొని, ఉబ్బిన భాగాల మీద పలచబడి ఉంటుంది.

రెండవది ముత్యపు చిప్ప. పింక్టాడా మజట్లానికా అనే పసిఫిక్ జాతి లోపలి మెరుపు పొరతో పతకాలు, చెవి నగలు, విగ్రహాల కళ్లు చేశారు. నదుల్లో దొరికే ఆల్చిప్పలకూ ఇటువంటి మెరుపే ఉంటుంది గాని అవి సాధారణంగా పలచగా ఉంటాయి. ఫొటోలో అంచు కనిపించకపోతే ఈ రెండింటినీ వేరు చేయడానికి ప్రయత్నించకుండా ‘మెరుపు చిప్ప’ అని మాత్రమే రాసుకోవడం మేలు. మూడవది కరీబియన్ సముద్రపు రాణి శంఖం. పెదవి విశాలంగా విప్పారి గులాబీ రంగులో ఉండే ఈ భారీ శంఖం మన పూజాశంఖానికి దగ్గరి చుట్టం కాదు. దాని కొన కోసి ఊదే వాద్యంగా వాడారు, మందమైన గోడను కోసి బిళ్లలు చేశారు. ఇక ఒలైవా అనే నున్నటి, గొట్టం లాంటి చిన్న గుల్లలు ఉన్నాయి. ఆ కుటుంబానికి చెందినవి మన తీరంలోనూ దొరుకుతాయి. వాటి కొన తొలగించి, పక్కన చీలిక కోసి, మొలనూలుకు వరుసగా వేలాడదీస్తే నడిచినప్పుడు గలగలమంటాయి.

జీవి తెలిస్తే సముద్రం తెలుస్తుంది, సముద్రం తెలిస్తే దూరం తెలుస్తుంది. మధ్య మెక్సికోను ఏలిన అజ్టెక్‌ల రాజధాని టెనోచ్‌టిట్లాన్ సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న లోయలోని నగరం. బరువు లాగే పశువులు గాని బండ్లు గాని లేని ఆ కాలంలో ప్రతి చిప్పా మోతకూలీల వీపు మీదనే కొండలెక్కింది. పసిఫిక్ తీరంలోని సివాట్లాన్ ప్రాంతం అజ్టెక్ పాలకులకు ఎర్ర చిప్పలను కప్పంగా చెల్లించినట్లు 16వ శతాబ్దపు కప్పాల పట్టిక చూపుతుంది. వాకిట్లోంచి సముద్రపు హోరు వినిపించే బారువ విద్యార్థికి గుల్ల విలువ తట్టదు. అందుకే నోటు పుస్తకంలో ప్రతి నగ పక్కనా ఆ తీరం నుంచి ఆ సమాధికి ఉన్న దూరాన్ని పటం మీద కొలిచి రాయించాలి.

రంధ్రం ఎవరిది?

దారం ఎక్కించే రంధ్రం ఉన్నంత మాత్రాన అది నగ కాదు. ఒడ్డున ఏరిన చిప్పల్లో, కీలుకు దగ్గరగా, ఎవరో యంత్రంతో చేసినంత గుండ్రంగా రంధ్రమున్నవి తప్పక దొరుకుతాయి. అవి నాటిసిడే కుటుంబపు వేట నత్తలు చేసినవి. ఆ నత్త చిప్పను తన పాదంతో చుట్టుకొని, ఆమ్లద్రవంతో గుల్లను మెత్తబరచి, రంపపు నాలుకతో గీకుతూ లోపలికి దారి చేసుకుంటుంది. ఆ రంధ్రం బయటివైపు వెడల్పుగా, లోపలివైపు ఇరుకుగా, గోడ నున్నగా ఉంటుంది; పని సగంలో ఆగిపోయినదైతే గుంట నడుమ చిన్న బుడిపె మిగులుతుంది. సూదిమొనలంత రంధ్రాలు గుంపుగా, లోపల సొరంగాలతో ఉంటే అది గుల్లను తొలిచే స్పాంజి పని. ఇలాంటివి ఒక గుప్పెడు ఏరి, ఒక్కొక్కటీ ఎవరి పనో విద్యార్థుల చేత చెప్పించడం ఈ మొత్తం అభ్యాసంలో అన్నిటికన్నా తేలికైనదీ, అన్నిటికన్నా ఉపయోగపడేదీ.

మనిషి చేసిన రంధ్రానికి వేరే గుర్తులుంటాయి. రాతి మొనతో ఒకవైపు నుంచే తొలిస్తే గరాటు ఆకారమూ, రెండువైపుల నుంచీ తొలిచి నడుమ కలిపితే డమరుకం ఆకారమూ వస్తాయి. గోడ మీద మొన తిరిగిన వలయాల గీతలు భూతద్దానికి అందుతాయి. బోలుగా ఉన్న రెల్లు కాడను ఇసుకతో తిప్పి తొలిస్తే గోడలు నిలువుగా ఉండి, మధ్య నుంచి చిన్న బిళ్ల ఊడివస్తుంది. చిప్ప ఉబ్బెత్తు భాగాన్ని గరుకురాతి మీద రాస్తూ పోతే రంధ్రం తనంతట తాను తెరుచుకుంటుంది, దాని చుట్టూ చదునైన మచ్చ మిగులుతుంది. నత్త చేసిన రంధ్రాన్నే మనిషి వాడుకొని ఉండవచ్చు గదా అన్న ప్రశ్న తెలివైన విద్యార్థి ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. వాడుకొని ఉండవచ్చు, అప్పుడు సాక్ష్యం రంధ్రంలో ఉండదు, దాని అంచులో ఉంటుంది. చాలాకాలం దారానికి వేలాడిన గుల్లకు రంధ్రపు అంచు ఒకవైపే అరిగి, నునుపుదేరుతుంది. ఈ అరుగుదలను బాగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే చనిపోయిన మనిషి బతికుండగా వేసుకున్న నగకూ, సమాధి కోసమే కొత్తగా చేయించిన నగకూ తేడా చెప్పగలిగినది చాలాసార్లు ఇదొక్కటే.

పనితనాన్ని చేతులతో తెలుసుకోవడం

మెక్సికో నగరంలో, టెనోచ్‌టిట్లాన్ ప్రధాన ఆలయమైన టెంప్లో మయోర్ దగ్గరి మ్యూజియంలో ఆడ్రియాన్ వెలాజ్‌కేజ్ కాస్ట్రో 1997 నుంచి సాగించిన ప్రయోగాలు ఈ రంగంలో దారి చూపాయి. ఆ కాలంలో అందుబాటులో ఉన్న రాళ్లు, అబ్సిడియన్ (అగ్నిపర్వతపు నల్లగాజు) అంచులు, చెర్ట్ (చెకుముకి వంటి గట్టి రాయి) మొనలు, ఇసుక, అగ్నిపర్వత బూడిద, తోలు వాడి కొత్త గుల్లలను కోసి, రాసి, తొలిచి, ఆ గుర్తులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పురాతన నగల మీది గుర్తులతో పోల్చారు. టెనోచ్‌టిట్లాన్ శైలి నగల్లో రాపిడికి బసాల్టు, కోతకు అబ్సిడియన్, తొలవడానికి చెర్ట్ మళ్లీ మళ్లీ కనిపించడం వల్ల, అవి రాజధానిలోనే, ఒకే సంప్రదాయంలో తర్ఫీదు పొందిన పనివారి చేతుల్లో తయారయ్యాయన్న నిర్ణయానికి వచ్చారు. చేతిపని గుర్తుల నుంచి రాజ్యవ్యవస్థ దాకా వెళ్లిన ఈ వాదనను విద్యార్థులకు చెప్పకుండా ప్రయోగం మొదలుపెడితే, అది వేసవి సెలవుల బొమ్మల తయారీగా మారిపోతుంది.

మన దగ్గర అబ్సిడియన్ లేదు. దానికి బదులు పగిలిన గాజు వాడాలన్న ఆలోచన వస్తుంది గాని పిల్లల చేతికి అది ఇవ్వకూడదు. క్వార్ట్జ్ రాయిని పెద్దవారెవరైనా కళ్లకు అద్దాలు పెట్టుకొని పగలగొడితే పదునైన పెళ్లలు వస్తాయి. మో కాఠిన్య మానంలో గుల్లలోని కాల్సైటు 3, అరగొనైటు 3.5 నుంచి 4 వరకు, అబ్సిడియన్ 5 నుంచి 5.5 వరకు ఉంటే, క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటుంది. అంటే కాఠిన్యం విషయంలో మనకు లోటు లేదు, అంచు పదునులో మాత్రమే తేడా ఉంటుంది. మందమైన చిప్ప మీద బొగ్గుతో గీత గీసి, పెళ్ల అంచును అదే గీతలో ముందుకూ వెనక్కూ లాగుతూ గాడి చేయాలి. గాడి మందంలో సగం దాటాక విరిస్తే చిప్ప గీత వెంటే విరుగుతుంది. తొందరపడితే అడ్డదిడ్డంగా పోతుంది. విరిగిన అంచును సన్నికల్లు ముక్క మీద నీళ్లు పోస్తూ రాయాలి. పొడిగా రాయడం ఎంతమాత్రం పనికిరాదు, గుల్ల పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. పని అంతా తడిగా, ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకొని చేయాలి. రంధ్రానికి క్వార్ట్జ్ మొనను చిన్న కర్రకు దారంతో బిగించి రెండు అరచేతుల మధ్య తిప్పాలి, చివరకు తడి తోలుతో మెరుగుపెట్టాలి.

ప్రతి దశలోనూ ముక్కను కడిగి, పక్కనుంచి వెలుగు పడేలా పెట్టి ఫొటో తీయాలి. ఇంకా నిశితంగా చూడాలంటే వృక్షశాస్త్ర విభాగం వారు ఆకుల పత్రరంధ్రాల అచ్చు తీసే పద్ధతి ఇక్కడా పనికి వస్తుంది: ఆరిన ముక్క మీద రంగులేని గోళ్ల పాలిష్ పలచగా పూసి, ఎండాక సెల్లో టేపుతో ఊడదీసి, గాజు పలక మీద అంటించి సూక్ష్మదర్శిని కింద చూడాలి. గరుకురాయి మిగిల్చిన వెడల్పాటి పట్టీలూ, పెళ్ల అంచు మిగిల్చిన సన్నని తిన్నని గీతలూ విడివిడిగా తెలుస్తాయి. ఈ పద్ధతి మనం చేసుకున్న నకళ్లకు మాత్రమే. ఏ పురాతన వస్తువు మీదా ఏదీ పూయకూడదు.

ఆకారాల్లో ఒకదాన్నయినా ప్రయత్నించమంటాను. శంఖాన్ని అడ్డంగా కోస్తే లోపలి చుట్లు సుడి ఆకారంలో బయటపడతాయి. గాలి దేవుడి రూపంలో ఉన్న కెట్సల్‌కోఅట్ల్ అనే అజ్టెక్ దేవుడి ఛాతీ మీద ఉండే పతకం ఆ కోతే. ఒడ్డున దొరికే ఏ మామూలు నత్తగుల్లనైనా సన్నికల్లు మీద అడ్డంగా అరగదీస్తే ఆ సుడి మన చేతిలో తెరుచుకుంటుంది. ఆ ఆకారాన్ని శిల్పి ఊహించి చెక్కలేదని, గుల్లలోనే ఉన్నదాన్ని బయటికి తీశాడని బోధపరచడానికి ఇంతకన్నా మంచి మార్గం నాకు తెలియదు.

నగ ఎక్కడ ఉంది, ఎవరి మీద ఉంది

ఇది అన్నిటిలోకీ ముఖ్యమైన దశ, దీనికి ఫొటో కన్నా తవ్వకం నివేదికలోని గీత చిత్రం ఎక్కువ పనికి వస్తుంది. దారం కుళ్లిపోతుంది, మాంసం కరిగిపోతుంది, పూసలు పక్కటెముకల సందుల్లోకి జారిపోతాయి. మెడలోని హారం వెన్నెముక కింద దొరకవచ్చు. అంచుల్లో సన్నని రంధ్రాలున్న బిళ్లలు ఛాతీ మీద వరుసలుగా కనిపిస్తే, అవి హారానివి కాక ఒకప్పుడు బట్టకు కుట్టినవై ఉండే అవకాశం ఉంది. ఇది అర్థం కావడానికి పాత దుప్పటి మీద బొగ్గుతో నిలువెత్తు మనిషి ఆకారం గీసి, నివేదికలో చెప్పినచోట్ల గుల్లలు పెట్టించండి. నేల మీద ముగ్గుపిండితో గీస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది గాని, బడి ఆవరణలో శవం బొమ్మ వేశారని ఊళ్లో పెద్దలు గొడవకు వస్తే సర్దిచెప్పడం కష్టం. దుప్పటినైతే మడిచి లోపల పెట్టేయవచ్చు.

అభ్యాసానికి చోటు కచ్చితంగా నమోదైన సమాధులనే ఎంచుకోవాలి. పశ్చిమ మెక్సికోలో లోతైన బావి వంటి దారి గుండా దిగే సమాధులను దొంగలు విపరీతంగా దోచారు; వాటి నుంచి బయటికి పోయిన గుల్ల నగలు ఎంత అందంగా ఉన్నా, శరీరం మీద ఎక్కడ ఉన్నాయో చెప్పలేని వస్తువులుగా మిగిలాయి. హలిస్కో రాష్ట్రంలోని హుయిట్సిలాపాలో 1993లో దొంగల చేయి పడని సమాధి ఒకటి దొరికింది కనుకనే, రెండు గదుల్లో ఆరుగురిని ఉంచారని, వారిలో ఒక పురుషుడికి మిగిలినవారికన్నా ఎక్కువ ఆభరణాలు, శంఖాలు పక్కన పెట్టారని చెప్పగలుగుతున్నాం.

బెలీజ్ ఉత్తర భాగంలోని క్వెయో అనే మాయా గ్రామంలో నార్మన్ హామండ్ బృందం తవ్విన సమాధులు పూర్తిగా వేరే కోవకు చెందినవి. క్రీస్తుపూర్వపు తొలి వ్యవసాయ కాలం నుంచీ అక్కడ ఇళ్ల నేలల కిందే చనిపోయినవారిని పాతిపెట్టారు, వారితో ఉంచిన వస్తువుల్లో గుల్ల పూసలు తరచుగా కనిపిస్తాయి, పిల్లల సమాధుల్లో సైతం అవి ఉన్నాయి. చిన్నపిల్ల తన జీవితంలో సంపాదించుకున్న హోదా ఏదీ ఉండదు కనుక ఆ పూసలు కుటుంబం హోదాను చూపుతున్నాయని పరిశోధకులు వాదించారు. వాదనగా అది బలమైనదే గాని, ఒక తల్లి తన మెడలోని పూసలు తీసి బిడ్డ మెడలో వేసి ఉండే అవకాశాన్ని అది తోసిపుచ్చలేదని నాకనిపిస్తుంది; పిల్ల మెడకు సరిపడని పొడవూ, పాతబడిన రంధ్రాల అరుగుదలా ఉంటే ఆ అనుమానానికి ఊతం దొరుకుతుంది.

కటి భాగంలో చిప్ప కనిపించినప్పుడు చాలా పుస్తకాలు డియెగో డి ల్యాండా మాటను ముందుకు తెస్తాయి. 16వ శతాబ్దంలో మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పంలో ఉన్న ఈ స్పానిష్ మతాధికారి, మాయా బాలికలు నడుముకు సన్నని తాడు కట్టి ఒక చిప్పను మర్మాంగం మీదికి వచ్చేలా ధరించేవారని, నిర్ణీత కర్మ జరిగేదాకా దాన్ని తీయడం తప్పుగా ఎంచేవారని రాశాడు. ఈ మాట విలువైనదే గాని, ఆయనకు వెయ్యేళ్ల ముందు పాతిపెట్టిన మనిషి మీద చిప్పకు అది సాక్ష్యం కాలేదు, సూచన మాత్రమే కాగలదు. ముఖ్యంగా చిప్పను చూసి ఆ అస్థిపంజరం ఆడదని తేల్చి, ఆ తరువాత ఆడది కనుకనే చిప్ప పెట్టారని చెప్పడం ఒకే వలయంలో తిరగడం. లింగ నిర్ణయం కటి ఎముకల నుంచి రావాలి, నగ నుంచి రాకూడదు.

రాజుల సమాధుల్లో చిప్ప పాత్ర ఇంకా వైవిధ్యంగా ఉంటుంది. గ్వాటెమాలాలోని టికాల్ మొదటి ఆలయం కింద 1962లో బయటపడిన జసావ్ చాన్ కవీల్ అనే మాయా రాజు సమాధిలో జేడ్ అనే పచ్చరాయి, ముత్యాలతో పాటు చిప్పలు ఉన్నాయి. మెక్సికోలోని పాలెంకేలో 683లో మరణించిన రాజు పకాల్ సమాధిని ఆల్బెర్టో రుస్ 1952లో తెరిచినప్పుడు దొరికిన జేడ్ ముఖతొడుగులో కంటి తెలుపు గుల్లతోనూ, నల్లగుడ్డు అబ్సిడియన్‌తోనూ చేశారు. అక్కడికి పక్కనే 1994లో దొరికిన ‘ఎర్ర రాణి’ సమాధిలో శవం మొత్తం ఇంగిలీకంతో కప్పి ఉండగా, ఆమెతో పాటు దొరికిన చిప్పలో చిన్న సున్నపురాతి బొమ్మ ఉంది. ఒకే ఊరిలో, పక్కపక్క సమాధుల్లోనే గుల్ల ఒకచోట కన్నుగా, మరొకచోట పాత్రగా మారిందంటే ‘మాయావారి చిప్పకు అర్థం ఇది’ అనే ఏకవాక్యం ఎలా నిలుస్తుంది?

అన్నిటికన్నా ఎక్కువసేపు మధ్య మెక్సికోలోని ప్రాచీన నగరం తియోతివాకాన్ దగ్గర ఆగాలి. అక్కడి ఈకల సర్పపు ఆలయాన్ని సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో కట్టినప్పుడు వందమందికి పైగా మనుషులను చంపి దాని కింద, చుట్టూ పాతిపెట్టారు. 1980ల్లో రూబెన్ కాబ్రెరా, సబురో సుగియామా, జార్జ్ కౌగిల్ తదితరులు ఆ గోతులను తవ్వారు. చాలామంది చేతులు వెనక్కి విరిచి కట్టిన స్థితిలో ఉన్నాయి, పక్కన అబ్సిడియన్ మొనలు ఉన్నాయి, మెడల దగ్గర హారాలు ఉన్నాయి. కొన్ని హారాలకు నిజమైన మనుషుల పైదవడలు వేలాడదీశారు. ఎక్కువ హారాలకు గుల్లను పళ్లుగా చెక్కి, దవడల వరుసలా పేర్చిన నకళ్లను వేలాడదీశారు. ఎముకల రసాయన పరీక్షలు వీరిలో పలువురు వేరే ప్రాంతాల్లో పుట్టి పెరిగినవారని చూపాయి. ఆ నగలను చూసి ‘చనిపోయినవారికి ఆత్మీయులు సమర్పించిన కానుకలు’ అని రాస్తే అంతకన్నా పెద్ద తప్పు ఉండదు. ఇక్కడ మనిషికి నగ సమర్పణ కాలేదు, నగ వేసుకున్న మనిషే కట్టడానికి సమర్పణ అయ్యాడు. ఆ దవడల హారం యోధుడి వేషంలో భాగం కావచ్చు, చంపబోయే ముందు అతనికి తొడిగిన వేషం కావచ్చు. దారం అరుగుదల మీద దృష్టి పెట్టమని ముందు చెప్పింది ఇటువంటి సందర్భం కోసమే. కాబట్టి ఏ సమాధిని తీసుకున్నా, అర్థం జోలికి వెళ్లే ముందు నోటు పుస్తకంలో రాయవలసిన వాక్యం, సమర్పణ ఎవరికి జరిగింది, ఆ సమర్పణలో మనిషి స్వీకర్తా లేక వస్తువా అన్నదే.

మనిషి కూడా ఉండనక్కరలేదు. టెంప్లో మయోర్ దగ్గర 2017లో ప్రకటించిన ఒక సమర్పణలో చిన్న తోడేలుకు బంగారు ఆభరణాలతో పాటు అట్లాంటిక్ తీరపు గుల్లల మొలనూలు తొడిగి పాతిపెట్టారు.

ఇప్పుడు అర్థం

పై ప్రశ్నలకు జవాబులు చేతిలో ఉన్నప్పుడు అర్థాన్ని గురించి మాట్లాడవచ్చు, అది కూడా ఆ సమాజపు ఆధారాలతోనే. టెంప్లో మయోర్ సమర్పణ పెట్టెల్లో పలుచోట్ల అడుగున సముద్రపు ఇసుక, పగడాలు, గుల్లలు పరిచి, వాటి పైన జంతువులను, ఆ పైన దేవతా విగ్రహాలను ఉంచారు. లియోనార్డో లోపెజ్ లుహాన్ వంటి పరిశోధకులు దీన్ని విశ్వపు అంతస్తుల అమరికగా, అడుగు పొరను భూమి కింది నీటి లోకంగా చదివారు. గుల్ల ఎక్కడ ఉందన్నదే ఇక్కడా వాదనకు పునాది. మాయా అంకెల్లో శూన్యానికి వాడిన గుర్తు గుల్ల ఆకారంలో ఉండడం, అజ్టెక్ చంద్రదేవుడు టెక్సిజ్‌టెకాట్ల్ శంఖంతో ముడిపడి ఉండడం కూడా ఇటువంటి ఆధారాలే.

1558లో అజ్టెక్‌ల భాష అయిన నహువాలో రాసిపెట్టిన ఒక కథనం మరణానికీ శంఖానికీ మధ్య సంబంధాన్ని నేరుగా చూపుతుంది. కొత్త మనుషులను పుట్టించడానికి పాత మనుషుల ఎముకలు కావలసి కెట్సల్‌కోఅట్ల్ మృతుల లోకమైన మిక్‌ట్లాన్‌కు దిగుతాడు. అక్కడి ప్రభువు మిక్‌ట్లాన్‌టెకుత్లి, నా శంఖం ఊదుతూ నాలుగుసార్లు తిరిగిరా అంటాడు గాని, ఇచ్చిన శంఖానికి రంధ్రమే ఉండదు. పురుగులు దాన్ని తొలుస్తాయి, తేనెటీగలు లోపల దూరి మోగిస్తాయి. అప్పుడు ఎముకలు దక్కుతాయి. అజ్టెక్ సమర్పణలోని శంఖం పక్కన ఈ కథను ఉదహరించడం సమంజసమే. అంతకు వెయ్యేళ్లకు పైగా ముందరిదైన, ఏ భాషవారు బతికారో ఇంకా తేలని తియోతివాకాన్ హారం పక్కన దాన్నే పెట్టడం మాత్రం తొందరపాటు. మన శంఖాన్ని తెచ్చి కలపడం అంతకన్నా తొందరపాటు.

కాలనిర్ణయంలో ఒక చిక్కు ఉందని కూడా చెప్పాలి. సముద్రజలంలోని కార్బన్ పాతది కనుక గుల్ల మీద చేసిన రేడియోకార్బన్ పరీక్ష అసలు వయసు కన్నా సాధారణంగా నాలుగు వందల ఏళ్ల దాకా ఎక్కువ చూపుతుంది, దాన్ని సవరించి చదవాలి. పైగా నగ తరతరాలుగా చేతులు మారి వచ్చినదైతే దాని వయసు సమాధి వయసు కాదు.

చీటీ రాయడం, నకళ్లను భద్రపరచడం

ప్రదర్శనలో ప్రతి నకలు పక్కనా చిన్న చీటీ ఉండాలి. దాని తీరు ఇలా ఉంటే బాగుంటుంది: ‘పైదవడ ఆకారపు పతకం, నకలు. అసలు దొరికిన చోటు: ఈకల సర్పపు ఆలయం, తియోతివాకాన్, మెక్సికో, సుమారు క్రీ.శ. 200. ఆలయ నిర్మాణ సమయంలో చంపి పాతిపెట్టినవారి మెడల దగ్గర ఇటువంటివి దొరికాయి. అసలు పదార్థం: సముద్రపు గుల్ల. నకలు పదార్థం: కళింగపట్నం తీరపు చిప్ప, క్వార్ట్జ్ పెళ్లతో కోసి, సన్నికల్లు మీద రాసినది.’ ఇందులో ‘పవిత్రమైన’, ‘రహస్యమయమైన’ వంటి విశేషణాలు లేవని గమనించాలి. అర్థం గురించి రాయవలసి వస్తే వేరే వాక్యంలో, ఎవరి వాదనో చెప్పి రాయాలి. అస్థిపంజరాల ఫొటోలను పెద్దవి చేసి గోడకు అంటించడం కన్నా గీత చిత్రాన్ని పెట్టడం మర్యాద, చూసేవారికి స్పష్టత కూడా.

ఈ అభ్యాసం తరువాత విద్యార్థుల కళ్లు నేల మీదే ఉంటాయి. శాలిహుండం, రామతీర్థం వంటి రక్షిత స్థలాల నుంచి పెంకుముక్క కూడా తీయరాదని ముందే చెప్పాలి. పొలం దున్నుతున్నప్పుడు పాత పూసలో పాత్రలో బయటపడితే అక్కడే ఉంచి, ఫొటో తీసి, అధికారులకు తెలియజేయాలి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలన్న 1878 నాటి చట్టం నేటికీ అమల్లో ఉంది.

చివరి పని నకళ్లది. రాతి పనిముట్లతో చక్కగా చేసిన గుల్ల బిళ్ల పదేళ్లు బీరువాలో పడి ఉంటే, దాన్ని చేసినవారు బదిలీ అయి వెళ్లాక, పురాతన వస్తువుగా చెలామణి అయ్యే ప్రమాదం ఉంది. అందుచేత ప్రతి నకలు వెనుక చెరగని నల్ల సిరాతో ‘నకలు’ అనీ, చేసిన సంవత్సరమూ రాసి, పైన వార్నిష్ చుక్క వేయాలి. దశలవారీ ఫొటోలను, పాలిష్ అచ్చుల గాజు పలకలను అదే పెట్టెలో ఉంచి, పెట్టె మూత మీద విభాగం పేరు రాయాలి.